ఢిల్లీలో నేసిన సమర్త చీర

గద్వాల చీరలు నేసేటోళ్లు గద్వాల చీరలు కట్టుకోరు. ఈ సంగతి బయటోళ్లకు చెప్తే నేను కోతలు కోస్తున్న అనుకుంటరు. నేను కోసిన కోతలు చాన ఉన్నయి, ఇది మాత్రం అందులోది కాదు. మా వీధిల ఆడోళ్లమంతా మిల్లు చీరలే చుట్టుకుంటుంటిమి. పట్టంచు చీర మా ఒంటి మీదికి ఎక్కేది బతుకుల రెండే సార్లు. ఒకటి పెండ్లిల అత్తగారు పెట్టినప్పుడు. అంతకంటే ముందు, ఆడపిల్ల పెద్దమనిషి అయినంక పదకొండో రోజు తానం పోసి కూర్చోబెట్టినప్పుడు. దాన్ని సమర్త చీర అంటరు. అది బజార్ల కొన్నది అయితే పనికి రాదు. ఇంటి మగ్గం మీద, కన్నతల్లి చేతుల మీద దిగాలె. దినాం మగ్గం ఎక్కని ఆడది గూడ ఆ ఒక్క చీర నేస్తది. మా అమ్మ రాజోలిల నాకు నేసి కట్టింది. మా అమ్మకు వాళ్లమ్మ నేసింది.

మా ఇంట్ల నలుగురం. నేను, నా పెనిమిటి, మా అత్త, మా బిడ్డ. గద్వాల చీరకు పేక పోగును అటిటు మోసే నాడెలు మూడు ఆడాలె. నడుమ నూలుకు ఒకటి, రెండు పక్కల పట్టంచులకు చెరొకటి. అందుకని మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలె. చాన ఇండ్లల్ల ఆడది కండెలు చుట్టి అందిస్తది, మగోడు నేస్తడు. మా ఇంట్ల నేను నేస్తుంటి, నా పెనిమిటి ఆ పక్క నాడె అందుకుంటుండె. ఎందుకంటే నేను పుట్టిన పదేండ్ల దాక మా నాయినకు కొడుకు పుట్టలేదు. ఆగలేక నన్నే మగ్గం గుంటల దించిండు. నా తమ్ముడు పుట్టేటాళ్లకు నేను కొంగు నేసుడు గూడ నేర్చుకున్న. నా పెనిమిటి మాటలు తక్కువ మనిషి. పెండ్లయిన కొత్తల ఆయనకు మాటలే రావేమో అని మూడు నెలలు అనుమానపడ్డ. సరే, మూడు దినాలు.

ఎనభైల చివర అనుకోండి, వీధికి ఒక టీవీ వచ్చిన దినాలు. ఒకనాడు నేతగాళ్ల సంఘం సెక్రటరీ మా ఇంటికొచ్చిండు. ఢిల్లీల పెద్ద మేళా పెడుతున్నరంట. దేశమంతట నుంచి నేతగాళ్లను పిలిచి అందరి ముందట మగ్గం ఆడిస్తరంట. ఈసారి ఆడోళ్లు కావాలన్నరంట.

"వీధిల నేసే ఆడోళ్లు ఇంకిద్దరున్నరు గాని వాళ్లు నోరు తెరవరు," అన్నడు సెక్రటరీ. "నువ్వైతే నేస్తవు, వచ్చినోళ్లకు చెప్తవు గూడ. ఆ పక్క నాడెకు మీ ఆయన వస్తడు."

మా అత్త గడప కాడ పత్తి తీస్తుండె. తల ఎత్తకుండనే అన్నది: "నోరు తెరిచేది చూపియ్యనీకి అంత దూరం ఎందుకయ్యా. ఈడ్నే అరుగు మీద కూర్చోబెట్టి టికెట్టు పెట్టు."

నేను మాత్రం అప్పటికే మనసుల రైలెక్కిన. ఇరవై ఏండ్లు నేసిన. నేను నేసిన చీరలు హైదరాబాదు పోయినయి, బొంబాయి పోయినయి, ఎవరో సముద్రం గూడ దాటించిన్రని చెప్పిన్రు. నేను పోయింది కర్నూలు దాక. అది గూడ దవాఖానకు. ఎట్లనన్న పోవాలె అనిపించింది. ఒకరి కోసమో, ఇంటి కోసమో కాదు. నాకు పోవాలని ఉండె.

మూడు వారాలు బోరింగు కాడ నా ముచ్చటే. ఢిల్లీల నాకు ఉయ్యాల కుర్చీలాగ ఊగే మగ్గం ఇస్తరని చెప్పిన. నాడె అందియ్యనీకి మంత్రులు వరుసల నిలబడతరని చెప్పిన. ఒక ముసలామె బిందె నిండి పొర్లుతున్న సంగతి గూడ మరిచి వినె. "మంత్రులకు నాడె పట్టుడు వస్తదా," అని అడిగింది. "నేర్పుకుంట," అన్న.

రేపు బయలుదేరాలె అనంగ, నడి మధ్యాహ్నం మా బిడ్డ బడి నుంచి వచ్చింది. పుస్తకాల సంచి వెనక వేసుకునే పిల్ల ముందట అడ్డం పట్టుకుని, గోడ వెంట నడుచుకుంట వచ్చింది. మా అత్త చూసిన వెంటనే లేచి, ఇంటి మూలకు ఈత చాప పరిచి, పిల్లను కూర్చోబెట్టి, అడ్డంగ రోకలి పెట్టింది. అంత అయినంక నా దిక్కు తిరిగింది.

"ఇంక ఢిల్లీ లేదు, గిల్లీ లేదు. మూట ఇప్పు."

"సర్కారు టికెట్లు అత్తా అవి."

"సర్కారుకు ఆడపిల్లలు లేరా? ఇది మొదటి రోజు. పదకొండో రోజు తానం. చీర ఎవరు నేస్తరు? నేను నేస్తనా, ఈ కండ్లతోని?"

నేను పోయి పిల్లకు మూరెడు దూరంల కూర్చున్న. పన్నెండు దాటి నాలుగు నెలలు. మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని చాప పుల్లలు గిల్లుతుండె.

"అమ్మా, నువ్వు పోతవా?"

"నువ్వు పోవద్దంటే పోను."

చాప పుల్ల ఒకటి తుంచింది. "పోవద్దంటే నీకు కోపమొస్తది. పొమ్మంటే నాకు ఏడుపొస్తది. నన్ను అడగకు."

నేను లేచి పోయి ట్రంకుపెట్టె మూత తీసిన.

అడుగున ఒక చీరకు సరిపోయే నిలువు పోగుల పడుగు ఉండె. పిల్లకు పన్నెండు నిండంగనే పసుపుపచ్చ నూలు పడుగు వేసి, గంజి పెట్టి, చుట్టి దాచిన. అంచులకు కుంకుమ రంగు పట్టు గూడ తీసి పెట్టిన. నేసుడొక్కటే మిగిలింది. దాన్ని చూస్తుంటే నా తలల ఒక ఆలోచన మొలిచింది. ఢిల్లీల మగ్గం ఉంటది. మేళాల నెయ్యమని సంఘం ఇచ్చిన పడుగు బదులు ఈ పడుగు ఎక్కిస్తే? పోయినంక నాలుగైదు దినాలల్ల పొద్దుమాపు ఆపకుండ నేస్తే చీర దిగుతది. నేను ముందుగాల బయలుదేరి వస్తే పదకొండో రోజు పొద్దుగాలకు ఇంట్ల ఉంట.

మా అత్త కొట్టిపారేసింది. "ఇంటి మగ్గం మీద దిగాలె. పరాయోళ్ల మగ్గం మీద కాదు."

"ఇంటి అచ్చే తీసుకపోతున్నం గదా అత్తా." అచ్చు అంటే పడుగు పోగులను దువ్వెన పట్టినట్టు పట్టి ఉంచేది. మా అచ్చుకే అలవాటయిన చేతులు వేరే అచ్చు మీద సాగవని ఎట్లాగూ మాది మూట కట్టినం. "అచ్చు మనది, నాడెలు మనయి, చేతులు నాయి. కట్టెలొక్కటే వాళ్లయి."

"రైలు తప్పితే?"

"తప్పదు."

"నువ్వు తప్పదు అన్నవంటే తప్పినట్టే," అన్నది. పొమ్మనలేదు, వద్దనలేదు. పొయ్యి కాడ కూర్చుని జొన్నరొట్టెలు కొట్టుడు మొదలుపెట్టింది. పది, పన్నెండు, పదిహేను. నలుగురికి అన్ని ఎందుకని నేను అడగలేదు. ఎండబెట్టి బట్టల చుట్టి, ఎండుమిరప కారం పొట్లం కట్టి మా మూట మీద పెట్టింది.

మరునాడు బయలుదేరుతుంటే పిల్ల మూల నుంచే చూసింది. నేను దగ్గరికి పోయి తల నిమిరిన. అంటు అని మా అత్త అరుస్తదేమో అనుకున్న. ఆమె అటు తిరిగి బియ్యంల రాళ్లు ఏరుతుండె.

గద్వాల నుంచి హైదరాబాదుకు అప్పుడు మీటర్ గేజి బండి. అది ఎంత మెల్లగ పోతుండెనంటే దిగి పక్క చేన్ల పల్లికాయ పీక్కుని మళ్ల ఎక్కొచ్చు. నేను గూడ ఒకసారి దిగి పీక్కున్న. నా పెనిమిటి ఈ మాట విన్నప్పుడల్ల "బండి క్రాసింగుల ఆగి ఉండె," అంటడు. ఆయన మాట్లాడేదే అరుదు, అది గూడ ఇట్లాంటి మాటలకే.

ఢిల్లీ చేరేటాళ్లకు పిల్లకు నాలుగో రోజు. మేళా మైదానంల గుడారాలు, రంగుజెండాలు, మా గద్వాల కోట గోడ కంటే పొడుగు గేట్లు. మాకిచ్చిన మగ్గం చూసి మా ఇద్దరి కాళ్లు ఆగిపోయినయి. కుర్చీలాగ కాళ్ల మీద నిలబడి ఉన్నది. కింద గుంట లేదు.

మాది గుంట మగ్గం. నేల మీద కూర్చుని, గుంటల కాళ్లు వేలాడేసి, అడుగున పలకలు తొక్కుతం. నడుము నేలకు ఆని ఉంటేనే నాడె విసిరే చెయ్యి సాగుతది. బల్ల మీద కూర్చుని నెయ్యమంటే మంచం మీద పండుకొని బండి తోలమన్నట్టు.

"కాళ్లు యాడ పెట్టాలె," అన్నడు నా పెనిమిటి.

మేళా పెద్దమనిషి దగ్గరికి నేను పోయిన. గద్వాల మొహల్లల నేర్చిన ఉర్దూ నాది. "సాబ్, హమ్‌కో గడ్డా హోనా," అన్న, మాకు గుంట కావాలె అని. ఆయన పచ్చిగడ్డి దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. ఆ గడ్డి పెంచనీకి ఎన్నాళ్లయిందో చెప్పిండు. నేను మా గుంట గురించి చెప్పిన. మూడు తరాల గుంట అని, ఇంటికి కొత్తగ వచ్చిన కోడలు ముందు దేవునికి కాదు, గుంటకు మొక్కుతదని, గుంట లేని మగ్గం మీద నేసిన చీర కట్టుకుంటే నడుము నొప్పి వస్తదని. ఆఖరిది అప్పుడే పుట్టింది. ఆయన వినె గాని కదలలేదు. ఆ దినమంతా అట్లనే పోయింది. సంజెకు గుడారాల వెనక, నల్లా పక్కన, గడ్డి లేని జాగ చూపిచ్చిండు.

ఐదో రోజు పొద్దున నా పెనిమిటి తోటమాలి దగ్గర పార అడుక్కుని గుంట తవ్విండు. ఢిల్లీ మన్ను మెత్తన. మా దిక్కు ఎర్ర గరుసు నేలల పొద్దంతా పట్టే గుంట, రొట్టె తినే అంత సేపట్ల అయిపోయింది. కాని మగ్గం కట్టెలు విప్పి నేలకు దించి మళ్ల బిగించేటాళ్లకు పొద్దు గూకింది. ఆరో రోజంతా పోగులు అతికినం. అచ్చుల మిగిలి ఉన్న పాత పోగు కొనకు కొత్త పడుగు పోగు కొన పెట్టి, వేళ్లకు ఇబూది అద్దుకుని మెలి పెట్టాలె. ఒక్కొక్క పోగే. వేల పోగులు. తల ఎత్తినప్పుడల్ల వీపు విరిగినట్టు అయ్యేది. సంఘం పడుగు మాత్రం గోనెసంచిల హాయిగ పడుకుని ఉండె.

ఏడో రోజు పొద్దున మొదటి పేక పడింది. పసుపు నడుమ, కుంకుమ అంచు. నాలుగు వేళ్ల మేర నేసినంక ఇద్దరం చెయ్యి ఆపి చూసుకున్నం. నా పెనిమిటి అంచు మీద వేలు రాసిండు.

జనం మొదలయిన్రు. మొదట పదిమంది, తర్వాత గుంపులు. ఎన్నడు చూడని వేషాలు, వినని భాషలు. చీర ఎంత సన్నగుంటదని ఎవరో అడిగితే మా అత్త నేసిన చీరను మడిచి బియ్యపు గింజల ఇరికిచ్చిందని చెప్పిన. ఒక కాలేజీ పిల్ల పుస్తకంల రాసుకుంటుంటే పాపమని, "బియ్యం కాదు, చింతగింజ" అని తగ్గించిన. నాడె విసురుకుంట, మాట విసురుకుంట, జనం నవ్వుతుంటే నాకు ఒళ్లు తేలిపోయేది. గద్వాలల పదిహేనేండ్లు మాట్లాడినా ఇంతమంది వినలేదు. పొద్దున లేస్తే ఏడో రోజు, ఎనిమిదో రోజు అని వేళ్ల మీద లెక్క పెట్టుకునేదాన్ని. ఇయ్యాల పిల్లకు నువ్వులుండలు పెట్టి ఉంటరు, ఇయ్యాల ఎండుకొబ్బరి కుడుక, బెల్లం పెట్టి ఉంటరు అనుకునేదాన్ని. కాని ఎనిమిదో రోజు ఒక పూటంతా నాకు పిల్ల యాదికే రాలేదు. సంతోషంల మరిచిన. సంజెకు నల్లా కాడ కాళ్లు కడుగుతుంటే తట్టింది. నీళ్లు అట్లనే పోతుంటే నిలబడిపోయిన. ఈ మాట ఇంతవరకు ఎవ్వరికి చెప్పలేదు.

తొమ్మిదో రోజు సంజెకే రైలెక్కాలనుకున్న. ఆనాటికి చీర సగమే అయింది. గుంట కాడ పోయిన దినం, మగ్గం దించిన దినం, రెండు అడ్డం నిలబడ్డయి. అంతల సెక్రటరీ వచ్చిండు. ఇన్ని దినాలు పెద్దోళ్ల వెంట తిరుగుతుండె, మా దిక్కు రాలేదు. మగ్గం మీదికి వంగి చూసిండు.

"మనం ఇచ్చింది నీలి రంగు గదా?"

"అవును సార్."

"మరి ఆ నీలిది యాడుంది?"

"సంచిల ఉంది సార్. ఎండ తగలకుండ."

ఆయన కోపంగ నోరు తెరిచేటాళ్లకే ఒకామె వచ్చింది. తెల్లజుట్టు, కండ్లద్దాలు, మెడల ముత్యాలు. మూడు దినాల సంది పొద్దుగాల ఒకసారి, సంజెకు ఒకసారి వచ్చి చూసి పోతుండె. ఈ చీర నాకు కావాలె, దిగంగనే ఇయ్యండి అన్నది. సెక్రటరీ మొకం విప్పారింది. తప్పకుండ అన్నడు.

నా చేతులల్ల నాడె ఆగింది. అప్పుడు అల్లిన చూడండి ముచ్చట. ఈ చీర మా జమ్ములమ్మ తల్లికి మొక్కింది అని చెప్పిన. దీన్ని వేరేటోళ్లు కడితే తల్లి కల్లకొస్తదని, మా ఊళ్లె ఒక పటేల్ భార్య కట్టుకుంటే ఆర్నెల్లు తిన్న అన్నం చప్పగనే ఉండెనని, ఆఖరికి చీర విడిచి గుళ్లె పెడితేనే ఉప్పు రుచి తెలిసిందని. సెక్రటరీ గద్వాలోడు. జమ్ములమ్మ ఆయనకు గూడ తల్లే. నోరు వెళ్లబెట్టి నన్నే చూస్తుండె. ఆమె నవ్వింది. "బాగ చెప్తవు," అన్నది. "ఐన నాకు కావాలె. ఉప్పు లేని తిండే తింటున్న, డాక్టర్ చెప్పిండు."

అప్పుడు ఆ పక్క నుంచి నా పెనిమిటి, తల వంచుకునే, "బేటీ కా హై," అన్నడు, బిడ్డది అని.

రెండు దినాల సంది ఆయన నోట్ల నుంచి వచ్చిన మొదటి మాట అది. ఆమె ఆయన దిక్కు తిరిగింది. ఆయన ఇంకొంచెం చెప్పిండు. బిడ్డ పెద్దది అయిందని, ఇంట్ల మూలకు కూర్చుని ఉన్నదని, ఎల్లుండి తానమని, తల్లి నేసిందే కట్టాలెనని. ఆయన ఉర్దూ నాకంటే బాగుందని ఆనాడే తెలిసింది. ఆమె కండ్లద్దాలు తీసి తుడుచుకుంది. అంచు మీద పెట్టిన చెయ్యి తీసుకుంది. "మరి తల్లి ఈడుందేంది," అన్నది. కోపంగ కాదు. అడగనీకి అడిగింది. నేను నాడె విసిరిన.

ఆమె పోయినంక సెక్రటరీ గుంట గట్టు మీద కూర్చున్నడు. ఆయనకు గూడ బిడ్డలున్నరు. అన్నడు: "నువ్వు నేసుకుని పో. ఈయన ఉండి మన పడుగు ఎక్కియ్యాలె. ఆ పక్క నాడెకు బనారస్ వాళ్ల మగ్గం నుంచి ఎవరినన్న అడుగుత."

పదో రోజు పొద్దంతా ఆగకుండ నేసినా కొంగు మిగిలింది. ఇంక పదకొండో రోజుకు చేరుడు అయ్యేది కాదని ఒప్పుకున్న. ముహూర్తం ఆగదు, చుట్టాలు ఆగరు. పోస్టాఫీసుకు పోయి మా అత్త పేరు మీద టెలిగ్రాం ఇచ్చిన. రాలేకపోతున్న, తానం కానియ్యండి, చీర తర్వాత తెస్త. క్లర్కు ఇంగ్లీషుల రాసుకున్నడు. ఎన్ని ముచ్చట్లయిన అలవోకగ చెప్పేదాన్ని, ఆ మూడు మాటలు రెండు సార్లు తప్పు చెప్పి దిద్దిచ్చిన. నేసి తీసుకపోయినా ఇంక ఆ చీర ఎప్పుడు కడతది, యాడ కడతది? రోజు దాటినంక అది ఉత్త చీర. ఐన మగ్గం మీద సగం విడిచి రాబుద్ధి కాలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం, ఆడ పిల్లకు పసుపునీళ్లు పోసే యాళ్లకు, ఈడ చీర కోసి దించిన. నా పెనిమిటి మడత పెట్టి, రొట్టెలు కట్టిన బట్టలనే చుట్టి ఇచ్చిండు. స్టేషన్ దాక వచ్చి, కిటికీల నుంచి నీళ్ల సీసా అందిచ్చి, "దిగేటప్పుడు చూసుకుని దిగు," అన్నడు.

ఒంటిగ అంత దూరం అదే మొదలు. పక్క సీటామె ఎవరింటికి పోతున్నవు అని అడిగితే మా ఇంటికే అన్న. ఇంకేం చెప్పబుద్ధి కాలేదు. మూట ఒళ్లె పెట్టుకుని కూర్చున్న. దారి పొడుగున నేను ముచ్చట చెప్పని ప్రయాణం అదొక్కటే.

గద్వాలల దిగేటాళ్లకు పిల్లకు పదమూడో రోజు పొద్దున. వీధి మలుపు తిరిగితే మా ఇంటి ముందు పందిరి కనబడ్డది. రెండు రోజుల కిందటి పందిరి వాడి ఉండాలె గదా. దీనికి మామిడాకులు పచ్చగ, కొత్తగ కట్టి ఉన్నయి. అరుగు మీద రాజోలి నుంచి వచ్చిన నా తమ్ముడు గడ్డం పెరిగి, మొకం మాడ్చుకుని కూర్చున్నడు.

"వచ్చినవా అక్కా," అన్నడు. "మూడు రోజుల సంది నీ ఇంట్ల నువ్వులుండలు తిని తిని నేనే పెద్దమనిషి అయిన."

వాని భార్య రాయచూరు దిక్కు పిల్ల. కోపమొస్తే కన్నడం ఎక్కుతది. లోపల్నుంచి "సాకు, సాకు" అని వినబడ్డది. చాలు చాలు అని. ఎవరికి చాలో తెలియలేదు.

మా అత్త వాకిట్ల కాగు కింద మంట ఎగదోస్తుండె. నన్ను చూసి, "నీళ్లు కాగినయి. చీర ఇటియ్యి," అన్నది.

"తానం కాలేదా?"

ఆమె నన్ను గోడ పక్కకు గుంజింది. "ఎవరన్న అడిగితే సర్కారు ఆర్డరని చెప్పు."

తర్వాత తెలిసింది. పోస్టుమాన్ టెలిగ్రాం తెచ్చి ఆమెకు చదివి చెప్పిండు. రాలేకపోతున్న, కానియ్యండి. ఆమె ఆ కాగితం పట్టుకుని అరుగు మీది చుట్టాల దగ్గరికి పోయింది. ఢిల్లీ సర్కారు రాసిందన్నది. మగ్గం మీద ఎక్కిన మనిషి ఇంట్ల శుభకార్యం ఉంటే ఆ మనిషి దిగిందాక కానియ్యొద్దంట, కాదని చేస్తే తాసిల్దారు వచ్చి పందిరి పీకుతడంట. పోస్టుమాన్ నోరు తెరవబోతే ఆమె చూసిన చూపుకు సైకిలెక్కిండు. నా తమ్ముడు ఆ ఇంగ్లీషు అక్షరాలు అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగ మడిచి తిరిగిచ్చిండంట. పదకొండు దాటితే ఇంటికి మంచిది కాదని పొద్దుమాపు చెప్పే మనిషి, పదమూడు గూడ బేసి సంఖ్యే గదా అని పంతులుతోని ఒప్పిచ్చింది.

"నీకొక్కదానికే వచ్చనుకున్నవా," అన్నది నాతోని. చీర మడత విప్పి అంచు చేతుల పట్టుకుని చూసింది. "నడుమ రెండు జానల కాడ పలచగ పడ్డది. తొందరల నేసినవు." ఆ ఒక్క మాటనే.

ముత్తైదువలు పిల్లకు తానం పోసిన్రు. గంజి వాసన పోని కొత్త చీర కట్టిన్రు. పన్నెండేండ్ల నడుముకు అది నిలబడక, కుచ్చిళ్లు బుట్టలాగ ముందుకు పొడుచుకొచ్చినయి. తమ్ముడు తెచ్చిన గాజులు తొడిగిన్రు, ఒళ్లె కుడుకలు, బెల్లం పోసిన్రు. ఆడోళ్లు అంచు పట్టి చూస్తుంటే పిల్ల గద్దె మీద బొమ్మ తీరుగ కూర్చున్నది. నా దిక్కు ఒక్కసారి గూడ చూడలేదు. దండం పెట్టమంటే పెట్టింది. నవ్వమంటే నవ్వింది. నేను అన్నం పెడితే, "అవ్వ పెడతది," అన్నది.

సంజెకు చుట్టాలు కదిలిపోయిన్రు. పిల్ల మగ్గం పక్కన కూర్చుని ఉండె, చీర ఇంక విప్పలేదు. నేను పోయి గుంట గట్టు మీద కూర్చున్న. ఢిల్లీ ముచ్చట ఏదన్న చెప్తే నవ్వుతదని నోరు తెరిచిన.

"వద్దు," అన్నది. కొంగు కొనను వేలికి చుట్టుకుంట, నన్ను చూడకుండ చెప్పింది. "మూడో రోజు నాకు బాగ నొప్పి లేచింది. చచ్చిపోతనేమో అనుకున్న. అవ్వను అడిగితే సిగ్గులేని దానా, గట్ల అడగొద్దు అన్నది. బడిల దోస్తును అడుగుదామంటే బయటికి పోనియ్యలేదు. నువ్వుంటే నిన్ను అడిగేదాన్ని."

నాకు చీర సంగతే యాదుండె గాని, ఈ సంగతి తట్టనే లేదు. పదకొండు లెక్క పెట్టిన, మూడు మరిచిన.

"ఇప్పుడు అడుగు," అన్న.

అడిగింది. ఒకటి తర్వాత ఒకటి, గుక్క తిప్పుకోకుండ. ఎందుకొస్తది, యాడ నుంచి వస్తది, ఎన్నాళ్లుంటది, నొప్పి ప్రతిసారి గట్లనే ఉంటదా, బడికి పోతే ఎవరికన్న తెలుస్తదా. నాకు తెలిసింది చెప్పిన. తెలియంది తెల్వదని చెప్పిన. ఒక్క ముక్క కలపలేదు. చెప్తుంటే దీపం పెట్టనీకి మా అత్త లోపలికి వచ్చింది. అరుస్తదేమో అని పిల్ల నా చెయ్యి పట్టుకుంది. మా అత్త దీపం గూట్లె పెట్టింది, పోలేదు. గోడకు ఒరిగి నిలబడ్డది, తర్వాత నెమ్మదిగ కింద కూర్చున్నది.

నేను ఆగిన.

"ఆపినవేంది," అన్నది మా అత్త. "నాకు గూడ ఎవరు చెప్పలేదు. చెప్పు."